గాలి లేచేలోగా: సముద్రం అంచున నడక, కయాకింగ్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకే దాని మీద మనసు ఎక్కువ కాబోలు. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకే తరహా ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: ఒడ్డు వెంబడి కొండదారిన నడవాలి, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడపాలి, రెండూ ఒక్క రోజులో అయిపోవాలి. వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

మేం నలుగురం స్నేహితులం. జనవరిలో గోకర్ణ పోవాలనుకుంటున్నాం. కుడ్లె బీచు నుంచి పారడైజ్ బీచు దాకా నడక, మధ్యలో కయాకింగ్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నడిచేసి, ఎండెక్కాక నీళ్లలోకి దిగుదామని మా ఆలోచన. సరిపోతుందా?
— ఒక పాఠకుడు, గుంతకల్లు

సరిగ్గా తిరగేయండి. నీళ్ల పని ముందు, నడక తర్వాత. ఎండను టోపీతో, నీడతో తట్టుకోవచ్చు. గాలిని తట్టుకోవడం కొత్తవాళ్ల వల్ల కాదు.

పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి తోసుకొస్తుంది. చలికాలంలో పడమటి తీరాన ఇది దాదాపు 11 గంటలకు మొదలై, మధ్యాహ్నం 2–4 మధ్య బాగా ముదురుతుంది. ఇద్దరు కొత్తవాళ్లు కూర్చున్న కయాక్ మామూలుగా గంటకు 3–4 కిలోమీటర్లు పోతుంది. ఎదురుగాలి గట్టిగా ఉంటే అందులో సగం కూడా పోదు. ఇంకో అరగంటలో ఒడ్డు చేరతామనుకున్నది గంటన్నర అవుతుంది, ఆ గంటన్నరలో చేతులు చచ్చుబడతాయి. నీళ్ల మీద అక్కడక్కడ తెల్లనురగ తలలు కనబడుతున్నాయంటే గాలి గంటకు 12–19 కిలోమీటర్ల మెట్టుకు చేరిందని గుర్తు. మొదటిసారి కయాక్ ఎక్కినవాళ్లకు అదే హద్దు. ఆ తలలు కనబడగానే ఒడ్డుకు తిరగాలి.

తెల్లవారుజామున ఇంకో రకం మోసం ఉంది. ఆ వేళ గాలి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. కొండ చాటున ఉన్న బీచులో నీళ్లు అద్దంలా ఉంటాయి, గాలే లేదనిపిస్తుంది. 300 మీటర్లు లోపలికి పోయేసరికి కొండ చాటు తప్పుతుంది. అప్పుడు వెనకనుంచి నెట్టే గాలికి పడవ తేలిగ్గా జారుతుంటే మనకు బాగా వచ్చేసిందనుకుంటాం. తిరిగేటప్పుడు గానీ సంగతి తెలియదు. అందుకే పొద్దున ఒడ్డుకు 100 మీటర్ల లోపలే, ఒడ్డుకు సమాంతరంగా తిరగండి. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దిక్కు ఎంచుకోండి.

వేళలు ఇలా పెట్టుకోండి. జనవరిలో అక్కడ ఏడు గంటల ప్రాంతంలో తెల్లారుతుంది. 7 నుంచి 8.30 దాకా నీళ్ల మీద. అరగంట టిఫినుకు, బట్టలు మార్చుకోవడానికి. 9 గంటలకు కుడ్లె దక్షిణపు కొస నుంచి కొండెక్కితే అరగంటలో ఓం బీచు, అక్కడి నుంచి ఇంకో అరగంటలో హాఫ్‌మూన్, మరో ముప్పావు గంటలో పారడైజ్. ఫోటోలు, మధ్యలో ఆగడం కలుపుకుని 11.30కి చేరతారు. హాఫ్‌మూన్, పారడైజ్‌లకు కారు రోడ్డు లేదు. నడిచి రావాలి, లేదా పడవలో రావాలి. సీజనులో పడవలు తిరుగుతాయి గానీ సాయంత్రం గాలికి అవి ఆగిపోవచ్చు, కాబట్టి తిరుగుప్రయాణం పడవ మీద పెట్టుకోకండి. మూడున్నర దాకా చెట్ల నీడన ఉండి, ఆ తర్వాత వచ్చిన దారినే వెనక్కి రావచ్చు. దక్షిణంగా బేలెకాన్ ఊరివైపు దిగితే అక్కడ రోడ్డు దొరుకుతుంది. ఏ దారి పట్టినా సాయంత్రం 6 లోపు కొండ దిగి ఉండాలి. హాఫ్‌మూన్ ముందు కొండ అంచున దారి సన్నగా ఉంటుంది, చీకట్లో అక్కడ అడుగు వేయకూడదు.

గుంతకల్లు నుంచి దారి తేలిక. మీ ఊరి మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారే బళ్లారి, హొసపేటె, గదగ్ దాటించి హుబ్బళ్ళి చేరుస్తుంది. అక్కడి నుంచి యల్లాపుర మీదుగా ఘాట్ దిగితే అంకోలా, ఆపైన గోకర్ణ. మొత్తం సుమారు 400 కిలోమీటర్లు. రాత్రంతా బండి నడిపి తెల్లారి నేరుగా నీళ్లలోకి దిగే ఆలోచన ఏమైనా ఉంటే మానుకోండి. ముందురోజు సాయంత్రానికి చేరి పడుకోవాలి. నిద్రలేని చేతులకు తెడ్డు మాట వినదు.

పంచాంగం చూసి ఆటుపోట్లు చెప్పొచ్చంటారు, నిజమేనా? మాకు చెరువు తప్ప తెలియదు. నీళ్లు ఎప్పుడెక్కుతాయో, ఎప్పుడు దిగుతాయో ఎట్లా తెలుసుకోవాలి?
— ఒక పాఠకురాలు, తాడిపత్రి

సగం నిజం. తిథి చూస్తే పోటు ఎంత బలంగా ఉంటుందో తెలుస్తుంది, ఎన్ని గంటలకు వస్తుందో తెలియదు. అమావాస్య, పౌర్ణమిలకూ ఆ తర్వాతి ఒకటి రెండు రోజులకూ నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి. అష్టమి దరిదాపుల్లో ఆ తేడా తగ్గిపోతుంది. కొత్తవాళ్లు అష్టమి–నవమి రోజుల్లో పెట్టుకుంటే నీటి లాగుడు తక్కువ. ముహూర్తానికి అష్టమి పనికిరాదనే ఇంట్లోవాళ్లకు ఈ ఒక్క పనికి నచ్చజెప్పుకోవాలి.

గంటల కోసం పట్టిక చూడాల్సిందే. గోకర్ణకు దగ్గరి రేవు కార్వార్, దాని పట్టిక సరిపోతుంది. హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ సముద్రపు సూచనలు రోజూ ఇస్తుంది. అందులో అలల ఎత్తు, గాలి, పెద్ద అలల హెచ్చరికలు ఉంటాయి. అల ఎత్తు మీటరు దాటితే ఆ రోజు కయాక్ మానేసి నడక ఒక్కటే పెట్టుకోండి.

రెండు పోట్ల మధ్య 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అంటే ఈరోజు 8కి పోటైతే రేపు దాదాపు 8.50కి. కర్ణాటక తీరంలో రోజుకు రెండు పోట్లు వచ్చినా రెండూ ఒకే ఎత్తుకు రావు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పట్టికలో గంట ఒక్కటే చూసి ఎత్తు చూడకుండా వదిలేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

నీళ్లు ఒకే వేగంతో దిగవు. దీనికి పన్నెండు వంతుల లెక్క ఒకటుంది: మొదటి గంటలో 1 వంతు, రెండో గంటలో 2, మూడులో 3, నాలుగులో 3, ఐదులో 2, ఆరులో 1. పోటుకూ పాటుకూ (నీళ్లు దిగే ఆటుకు ఇంకో పేరు) తేడా 1.8 మీటర్లనుకోండి. మొదటి గంటలో 15 సెంటీమీటర్లే దిగుతుంది, మూడు, నాలుగు గంటల్లో మాత్రం గంటకు 45 సెంటీమీటర్ల చొప్పున దిగుతుంది. అఘనాశిని నది సముద్రంలో కలిసే మొగలో, తదడి రేవు దగ్గర, మడ అడవుల మధ్య కయాక్ నడపాలనుకునేవాళ్లకు ఈ లెక్క ప్రాణం. పాటు మధ్య గంటల్లో నది నీళ్లన్నీ మొగలోంచి సముద్రంలోకి పోతుంటాయి, మీ పడవనూ అటే తీసుకుపోతాయి. నీళ్లు ఎక్కే ఆఖరి రెండు గంటల్లో పైకి పోయి, నిలకడగా నిలిచిన కాసేపట్లో తిరిగి, పాటు మొదటి గంటలోనే దిగేయాలి. ఆలస్యమైతే ఇంకో చిక్కు కూడా ఉంది. మడచెట్ల మధ్య నీళ్లు ఇంకిపోయి పడవ బురదలో కూరుకుంటుంది. దిగి తోద్దామంటే మోకాటిలోతు దిగబడతారు. అట్లా ఇరుక్కుంటే పడవలోనే కూర్చుని మళ్లీ పోటు వచ్చేదాకా కాచుకోవడమే.

రాళ్ల మీదుగా బీచు నుంచి బీచుకు దాటేవాళ్లు పాటు సగానికి వచ్చాక బయల్దేరి, నీళ్లు తిరగబడేలోపు దాటేయాలి.

సముద్రానికి పోయేముందు గండికోటలో సాధన చేస్తే సరిపోతుందా? లోయలో నీళ్లు కదలకుండా ఉంటాయి కదా. ఏమేం నేర్చుకోవాలి?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

మంచి ఆలోచన. అయితే గండికోట నీళ్లు కదలవన్న మాట పక్కన పెట్టండి. కోట కింద లోయలో కనిపించేది దిగువనున్న మైలవరం జలాశయపు వెనుక నీరు. ఎగువన గండికోట ప్రాజెక్టు ఉంది, దాని గేట్లెత్తితే లోయలో నీటి మట్టం, ప్రవాహం రెండూ మారిపోతాయి. వానాకాలంలోనూ, ఎగువన నీళ్లు వదులుతున్న రోజుల్లోనూ దిగకూడదు. అధికారుల అనుమతితో బోటింగు నడిపేవాళ్ల దగ్గరే, వాళ్లు చూపించిన మేరలోనే తిరగండి.

లోయకు దాని బుద్ధులు దానికున్నాయి. నిలువు గోడల మధ్య గాలి గొట్టంలో దూరినట్టు బిగుసుకుని వేగం పుంజుకుంటుంది. పైన కోటలో ఆకు కదలకపోయినా కింద నీళ్ల మీద గాలి ఉండొచ్చు. గోడకు కొట్టిన అల వెనక్కి తిరిగి ఎదురొచ్చే అలతో ఢీకొంటుంది, అక్కడ నీళ్లు దిక్కూదెస లేకుండా కుదుపుతాయి. అందుకని గోడకు కనీసం 10 మీటర్లు ఎడంగా ఉండాలి. జనం నిలబడి చూసే అంచుల కింద అసలే ఉండకూడదు, పైనుంచి రాళ్లు విసిరే సరదా కొందరికి ఇంకా పోలేదు. ఇంకో సంగతి: ఆ గోడల్ని ఎర్ర గ్రానైటని రాసేస్తుంటారు. అది క్వార్ట్‌జైట్, ఇసుకరాయి బిగిసి గట్టిపడిన రాయి. విరిగితే అంచులు కత్తిలా ఉంటాయి, గాలి నింపిన పడవలు తీసుకుపోయేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

సాధన ఛాతీలోతు నీళ్లలో మొదలుపెట్టండి. మొదటి పాఠం తెడ్డు వేయడం కాదు, బోల్తా పడటం. ఒక్కొక్కరు ఐదుసార్లు కావాలనే బోల్తా కొట్టాలి. పడగానే ఒక చేయి పడవ మీద, ఇంకో చేయి తెడ్డు మీద ఉండాలి. ఈత వచ్చిన ధీమాతో పడవ వదిలేస్తే గాలికి అది మీకన్నా వేగంగా పోతుంది. తలకిందులైన పడవ పక్కకు వచ్చి, అడుగు మీదుగా చేయి చాపి అవతలి అంచు పట్టుకుని, మోకాళ్లు ఇవతలి అంచుకు ఆనించి వెనక్కి వాలితే అది తిరగబడుతుంది. తర్వాత ఎక్కడం. చేతులతో పైకి లాక్కోవాలని చూస్తే పడవ మళ్లీ మీద పడుతుంది. కాళ్లను వెనక్కి చాపి నీటిపైకి తెచ్చి, గట్టిగా తన్నుతూ, సీటు మీదికి అడ్డంగా జారాలి. ముందు పొట్ట, తర్వాత పిరుదులు, ఆఖరున పాదాలు, వరస ఇదే. పొట్ట మీద ఉన్నప్పుడే తొందరపడి లేచి కూర్చోబోతారు, అక్కడే రెండోసారి పడతారు.

ఇద్దరి పడవలో ఒకరు ఎక్కుతున్నప్పుడు రెండోవారు అవతలి పక్కన వేలాడుతూ బరువు సరిచేయాలి. లోతు నీళ్లలో, సాయం లేకుండా, రెండు నిమిషాల్లో ఎక్కగలిగితే బోల్తా పాఠం వచ్చినట్టే. ఆపైన అరగంటలో రెండు కిలోమీటర్లు పోయి, దిగాక చేతులు వణక్కుండా ఉండాలి. ఈ రెండూ కుదిరితే సముద్రం మాట ఎత్తండి. అలల్లోంచి ఒడ్డుకు రావడం ఒక్కటి గండికోట నేర్పలేదు.

మాకు గండికోట దూరం. తుంగభద్రలోనో, కేసీ కాలువలోనో సాధన చేయొచ్చా?
— ఒక పాఠకుడు, కర్నూలు

వద్దు. కాలువ గట్లు వాలుగా, జారుడుగా ఉంటాయి. పట్టు దొరకదు, పడవ దిగి పైకి రాలేరు. వంతెనల, తూముల దగ్గర నీళ్లు లాగేస్తాయి. అనంతపురం వాళ్ల ఎగువ కాలువకూ ఇదే మాట. నదిలో బండలు, ఇసుక తవ్విన గోతులు ఉంటాయి, తుంగభద్రలో మొసళ్లూ ఉన్నాయి. బోల్తా సాధనకు ఈతకొలను చాలు. నిర్వాహకులు ఒప్పుకుంటే ఒక ఉదయం, ఒక పడవ.

పోయినసారి ఒక జలాశయంలో అరగంట కయాక్ నడిపాను. భుజాలు రెండు రోజులు నొప్పి పుట్టాయి, పడవేమో ఎప్పుడూ ఎడమకే తిరిగింది. లోపం పడవదా, నాదా?
— ఒక పాఠకుడు, ఆదోని

ఎక్కువగా మీదే, కొంచెం పడవది కూడా కావచ్చు.

నొప్పి సంగతి ముందు. చేతులతో లాగారు కాబట్టి భుజాలు పట్టేశాయి. తెడ్డు వేసేది నడుం. కుడివైపు వేయాలంటే కుడి భుజం ముందుకు వచ్చేలా నడుం తిప్పి, తెడ్డు ఆకును (కొసన ఉండే వెడల్పు భాగాన్ని) పాదం పక్కన నీళ్లలో ముంచి, నడుం వెనక్కి తిరిగేకొద్దీ ఆకు దానంతటదే వెనక్కి రావాలి. తుంటి దగ్గరికి రాగానే తీసేయాలి. తుంటి దాటి లాగితే నీళ్లను పైకెత్తుతారు తప్ప పడవ ముందుకు పోదు. కాళ్లు ఆనించే పట్టీలు మోకాళ్లు కొంచెం వంగేలా సరిచేసుకోండి. కాలికి ఆనిక లేకపోతే నడుం తిరగదు.

పట్టు ఎక్కడ? తెడ్డును తలమీద అడ్డంగా పెట్టుకుంటే మోచేతులు లంబకోణంలో ఉండాలి, చేతులు అక్కడే ఉంచండి. గట్టిగా పిడికిలి బిగించొద్దు, బొటనవేలు–చూపుడువేలు మధ్య వదులుగా ఉంటే చాలు. బిగిస్తే అరగంటలో బొబ్బలు. వెడల్పాటి అద్దె పడవలకు 230 సెంటీమీటర్ల అటూ ఇటూ పొడవున్న తెడ్డు కావాలి. పొట్టిదైతే ప్రతిసారీ పక్కకు వంగాల్సి వస్తుంది, మోకాళ్ల మీద నీళ్లు కారతాయి. ఆకు గుంట పక్క మీవైపు ఉండాలి. తిరగేసి పట్టుకుని నడిపేవాళ్లు చాలామందే ఉంటారు. ఆకు మీది అక్షరాలు చదవడానికి వీలుగా నిటారుగా ఉన్నాయో లేదో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇక ఎడమకు తిరగడం. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు కుడివైపు గట్టిగా వేస్తారు, కుడి వేసిన ప్రతిసారీ పడవ ముక్కు (ముందు కొస) ఎడమకు తిరుగుతుంది. అది ఒక కారణం. రెండో కారణం గాలి. పక్కనుంచి గాలి కొడుతుంటే కదిలే పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పుకుంటుంది, ముందు బరువెక్కువైతే ఇంకా తిప్పుకుంటుంది. అందుకే ఇద్దరి పడవలో బరువైనవారు వెనక కూర్చోవాలి. ముందువారు లయ పెడతారు, వెనకవారు ఆ లయ పట్టుకుని దిక్కు చూసుకుంటారు. భార్యాభర్తలు ఎక్కితే దిక్కు ఎవరు చూడాలన్నది ఒడ్డునే తేల్చుకుని ఎక్కడం మేలు. పడవ తిప్పాలంటే తెడ్డు ఆకును పాదం దగ్గర ముంచి, పడవకు దూరంగా పెద్ద అర్ధచంద్రం గీస్తూ వెనక్కి తీసుకురావాలి. కుడివైపు గీస్తే ముక్కు ఎడమకు పోతుంది.

మూడోది పడవ లోపం. పై సీటు కయాక్‌ల (లోపలికి దూరకుండా పైనే కూర్చునేవి) డొల్లలో నీళ్లు చేరుతుంటాయి. వెనకవైపు చిన్న బిరడా ఉంటుంది, అది వదులైతే చాలు. లోపలి నీళ్లు ఒక పక్కకు పోయి పడవ అటే ఒరుగుతుంది. ఎక్కేముందు పడవను ఒక పక్క ఎత్తి ఊపండి, గలగలమంటే బిరడా తీసి వంచేసి, బిగించాకే ఎక్కండి. సీటు దగ్గర పైనుంచి కిందికి పోయే చిల్లుల్లో నీళ్లు కనబడితే కంగారు పడొద్దు, అవి అందుకే ఉన్నాయి.

మా అబ్బాయికి 14 ఏళ్లు, వాడికి ఈత వచ్చు. నాకు రాదు. లైఫ్ జాకెట్ ఉంటే నేనూ ఎక్కొచ్చా? చీరలో కుదురుతుందా?
— ఒక పాఠకురాలు, కడప

ఈత రాకపోయినా ఎక్కొచ్చు, మూడు షరతుల మీద: నడపడం తెలిసిన మనిషి అదే పడవలో ఉండాలి, అల లేని చోటై ఉండాలి, జాకెట్ మీకు సరిపోయేదై ఉండాలి. చీర వద్దు. బోల్తా పడితే తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుని తన్నడానికి రాదు. చున్నీ కూడా వద్దు. ఒంటికి అంటుకునే లెగ్గింగు, నూలుది కాకుండా పాలిస్టర్ ఫుల్‌హ్యాండ్స్ టీషర్టు వేసుకోండి. నూలు బట్ట తడిస్తే బరువు, ఆరడానికి ఆలస్యం. తాళి, గొలుసు టీషర్టు లోపల వేసుకోండి. కళ్లజోడుకు తాడు కట్టుకోండి.

జాకెట్ల మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. పది న్యూటన్లంటే సుమారు కిలో బరువును తేల్చగల బలం. 50 అని ఉన్నది ఈత వచ్చినవాళ్లకు సాయం చేసేదే. ఈత రానివాళ్లు 100 ఉన్నది అడగాలి. అది తల వెనక మెత్తతో ఉండి ముఖాన్ని పైకి తిప్పడానికి చేసినది. పెద్దలకు ఛాతీ కొలతను బట్టి, పిల్లలకు బరువును బట్టి సైజు. అబ్బాయి 40 కిలోలు దాటితే పెద్దల చిన్న సైజు సరిపోవచ్చు. అన్ని బకిళ్లూ పెట్టి, పట్టీలన్నీ కింది నుంచి పైకి బిగించాక, ఎవరినైనా రెండు భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి ముక్కు దాకా వస్తే అది వదులు. నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారిపోతాడు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే తప్పక పెట్టుకోవాలి.

అద్దెకిచ్చేచోట జాకెట్‌ను నొక్కి చూడండి. మెత్త నొక్కుకుపోయి మళ్లీ పైకి రాకపోయినా, కుట్లు ఊడినా, బకిలు విరిగి తాడుతో కట్టి ఉన్నా ఇంకోటి అడగండి. ఇంకోటి లేదంటే ఎక్కకండి. అబ్బాయికి ఈత వచ్చు కదా అని జాకెట్ తీసేసి ఒళ్లో పెట్టుకుంటానంటే ఒప్పుకోవద్దు, నీళ్లలో పడ్డాక దాన్ని తొడుక్కోవడం ఎంత కష్టమో ఈతకొలనులో ఒకసారి వాడితోనే చేయించి చూడండి.

ఎండ మాకు అలవాటే. 42 డిగ్రీల్లో తిరిగే మనుషులం. సముద్రం దగ్గర 31, 32 డిగ్రీలే కదా, నీళ్లు, తిండి ఎంత మోయాలి?
— ఒక పాఠకుడు, అనంతపురం

ఆ ధీమాతోనే చాలామంది కూలబడతారు. మన దగ్గర గాలి పొడిది, చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. తీరంలో గాలి నిండా తేమే. చెమట కారుతుంది గానీ ఆరదు. నీళ్లూ ఉప్పూ పోతాయి, చల్లదనం రాదు. 32 డిగ్రీలే అయినా కొండెక్కేటప్పుడు గుండె దడదడలాడుతుంది. మొదటి గంట మీ మామూలు నడకకన్నా నెమ్మదిగా నడవండి.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. దాహమయ్యేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి ఒక చిన్న గ్లాసుడు. వట్టి నీళ్లే మూడు లీటర్లూ తాగితే తిమ్మిర్లు, తలనొప్పి రావచ్చు, ఒక లీటరును ఓఆర్‌ఎస్‌గా కలుపుకోండి. పొట్లం దొరక్కపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లకు తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మేలు చేయదు, కీడు చేస్తుంది, చేతి అందాజు వద్దు. బీపీ మందులు వాడేవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి.

తిండికి మన ఇంటి సరుకే మేలు. పెళపెళలాడే ఎండు జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, బెల్లంతో చేసిన చెనిక్కాయ ఉండలు చెడిపోవు, నలగవు. ఉగ్గాని, చిత్రాన్నం పొద్దున తినేయాలి. ఆ తేమలో మధ్యాహ్నానికి వాసన మారతాయి. పెరుగన్నం అసలే వద్దు. కయాక్ ఎక్కేముందు కడుపు నిండా తినకండి, రెండు అరటిపండ్లు చాలు.

రాళ్ల మీద నడవడానికి చెప్పులా, బూట్లా? జెల్లీఫిష్ కుడితే ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, నంద్యాల

వెనక పట్టీ ఉన్న, వేళ్లు కప్పే, అడుగున గాట్లున్న చెప్పులు. హవాయి చెప్పులు కుదరవు. గోకర్ణ కొండలు చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రటి లేటరైటు రాయి, పొడిగా ఉంటే పట్టు బాగుంటుంది. దాని మీద ఎండిన ఆకులు, సన్న గులక చేరినచోట, దిగేటప్పుడు జారతారు. ఒడ్డున నీళ్లు తగిలే రాళ్లు వేరు. నల్లగా, పచ్చగా మెరిసేదంతా పాచి, దాని మీద కాలు పెట్టొద్దు. తెల్లగా గరుకుగా ఉన్నచోట పట్టు ఉంటుంది గానీ అక్కడ ఆల్చిప్పలు అంటుకుని ఉంటాయి, చేయి ఆనిస్తే కోసుకుపోతుంది. ఆ గాయం చిన్నదైనా మంచినీళ్లతో, సబ్బుతో బాగా కడగాలి, చిప్ప ముక్క లోపలుంటే చీము పడుతుంది.

జెల్లీఫిష్ కుడితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. రెండూ మిగిలిన విషపు తిత్తుల్ని పగలగొట్టొచ్చు. సముద్రపు నీళ్లతో కడిగి, అంటుకున్న తీగల్ని పట్టకారుతోనో, పుల్లతోనో తీసేసి, ఆ తర్వాత చర్మం ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లుతోక ఉన్న టేకు చేప పొడిచినా వేడినీళ్లే. లోతుగా దిగిన ముల్లును పీకకుండా ఆసుపత్రికి పోవాలి. ఇసుక అడుగున్న నీళ్లలో అడుగులు ఎత్తి వేయకుండా కాళ్లు ఈడుస్తూ నడిస్తే ఆ చేప ముందే తప్పుకుంటుంది. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా ఇంటి వైద్యాలు కట్టిపెట్టి 108కి ఫోన్ చేయండి.

అలలున్నప్పుడు కయాక్‌తో ఒడ్డుకు చేరడం ఎట్లా? ఫోను తీసుకుపోవచ్చా?
— ఒక పాఠకుడు, గుత్తి

అలలు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని, తర్వాత చిన్నవి కొన్ని. అవి విరిగే చోటుకు వెనకాలే ఆగి రెండు మూడు గుంపులు లెక్కపెట్టండి. ఆఖరి పెద్ద అల కిందుగా దాటిపోగానే దాని వెనకే గట్టిగా తెడ్డు వేస్తూ, ముక్కు ఒడ్డుకు నేరుగా ఉంచి రావాలి. పడవ అలకు అడ్డం తిరిగిపోతే ఒడ్డు వైపు ఒరగకండి, బోల్తా పడతారు. అల వస్తున్న వైపే ఒరిగి, తెడ్డు ఆకును ఆ నురగ మీద ఆనించాలి. మోకాటిలోతులో దిగేటప్పుడు పడవకూ ఒడ్డుకూ మధ్యన ఎప్పుడూ నిలబడొద్దు. నీళ్లు నిండిన పడవను వెనకనుంచి అల నెడితే అది మోకాళ్ల మీదికి బండరాయిలా వస్తుంది. దిగడం సముద్రం వైపే దిగాలి. పడవతాడు మణికట్టుకు చుట్టుకోకూడదు.

ఫోను తీసుకుపోండి. మూత బిగించే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, జాకెట్‌కు కట్టి, గాలి కొంచెం ఉంచితే తేలుతుంది. సంచిని ముందురోజు రాత్రి బకెట్లో, లోపల కాగితం పెట్టి ముంచి చూడాలి. ఉప్పునీళ్లు పడ్డ తెర మీద వేలు సరిగ్గా పనిచేయదు, అందుకే పక్క బటన్‌ను వరసగా నొక్కితే అత్యవసర ఫోను పోయేలా ఇంటి దగ్గరే సరిచేసుకోండి. మామూలు ఆపదకు 112, సముద్రంలో ఆపదకు తీర రక్షక దళం నంబరు 1554. కొండల చాటున సిగ్నల్ పోతుంది కాబట్టి, జాకెట్‌కు ఒక ఈల కట్టుకోండి. వరసగా మూడుసార్లు ఊదితే సాయం కావాలని. ఎన్ని గంటలకు తిరిగొస్తామో ఒడ్డున ఒకరికి చెప్పి, ఆ గంట దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా వాళ్లకు రాసిచ్చి ఎక్కండి.